మైలుతుత్తం రంగు సీసా

కందుకూరు, పామూరు రోడ్డు.
మధ్యాహ్నం మూడింటికి మా మందుల షాపులో
ఫ్యాను గాలికి పాత బిల్లులు తప్ప ఏమీ కదలవు.
అప్పుడొచ్చింది మలకొండమ్మ,
వెంట పొగాకు ఘాటు, రెండు తుమ్ములు.

"ముడతలు పోగొట్టే మందొచ్చిందంటగా, చూపీయ్."

నెల క్రితం ఒంగోలు హోటల్లో
టై బిగించుకున్న కంపెనీ కుర్రాడు
మా పదహారు మందికీ బోండాలు పెట్టి చెప్పాడు:
ముసలితనం ఒక్క వయసుతోనే రాదు.
చర్మం లోపల, కంటికి ఆనని సన్నమంట
ఏళ్ల తరబడి రగులుతూ ఉంటుంది.
పెప్టైడ్ అంటే పొట్టి గొలుసు.
మూడు పూసలో, అయిదు పూసలో, అంతే.
అది పోయి కణం తలుపు తట్టి
ఇక చాలు, మంట తగ్గించు అంటుందట.
ఆ "అట" నేను నోట్‌బుక్కులో రాసుకోలేదు.
రాసుకోమని అతనూ చెప్పలేదు.

అదే పాఠం ఒప్పజెప్పాను.
గాజుబల్ల మీద మోచేతులానించి విన్నది.

"ఓసినీ, బ్యారన్ సంగతి చెప్తన్నావా!
ఆరు పగళ్లు, ఆరు రాత్రుళ్లు కాలుస్తాం.
పొయ్యికాడ మనిషి కునుకు తీశాడా,
వేడి ఒక్క గీటు పైకెక్కిందా,
బంగారం కావాల్సిన ఆకు
ముడుచుకుని నల్లబారిపోద్ది.
నీ పూసల గొలుసు
పొయ్యికాడ కాపలామనిషి. అంతేగా?"

అంతే అక్కా.
ఆ కుర్రాడికి రెండు గంటలు పట్టింది.

సీసా తీశాను. లేత నీలం.
వెలుతురుకెత్తి చూసి పకపకా నవ్వింది.
"ఇది మైలుతుత్తమే!
నారుమడికి కొట్టేది మొఖానికి కొడతన్నారా?"
మైలుతుత్తం కాదక్కా, రాగి.
మూడు పూసలు కలిసి మోసుకెళ్లే రాగి.
"ఎంతంట?"
పద్దెనిమిది వందల యాభై.
"నాలుగు రోజుల గ్రేడింగు కూలి. పైన టీ డబ్బులు."

ఇక వెళ్లిపోతుందనుకున్నా.
కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది,
బొటనవేలు పైకి.
గోరు చుట్టూ నల్లటి జిగురు, ఎర్రగా వాచిన పగుళ్లు.
మధ్యలో మాత్రం ఏమీ లేదు.

"మొఖానికేం, ఊళ్లో అందరూ గుర్తుపడతారు.
దీన్నే రేషను మిషను గుర్తుపట్టటంలా.
మూడు నెల్లయింది.
తుడిచి పెట్టమంటాడు, తడిపి పెట్టమంటాడు,
నిమ్మచెక్క రుద్దుకుని రేపు రమ్మంటాడు.
ముప్పై రెండేళ్లు ఆకు సవరించిన వేలమ్మా.
గీతలన్నీ ఆకులెంటే పోయినాయి,
టంగుటూరు ఏలం దాటి, ఓడెక్కి, యాడికో.
గీతలు తీసే మందున్నప్పుడు
గీతలు తెప్పించే మందు కూడా ఉండాలిగా?"

ఒంగోలులో పదహారు మందిమి.
ఎవరికీ తట్టలేదు ఇది.

టెస్టర్ మూత తిప్పాను.
ఎన్ని చుక్కలు తగ్గాయో
శనివారం ఓనరు సీసా వంచి చూస్తాడు. చూడనీ.
రెండు చుక్కలు ఆ వేలి మీద వేసి
పగుళ్ల దాకా మెల్లగా రాశాను.
"సల్లగుంది," కళ్లు మూసుకుంది.
గీతలు రావక్కా దీంతో, మంట కాస్త తగ్గితే తగ్గొచ్చు.
"తెలుసులే. నువ్వు రాస్తుంటే కాదనలేకపోయా."

పది రూపాయల వాజెలిన్ డబ్బా కొనుక్కుంది.
మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి:
"ఈసారి కన్ను పెట్టమంటాడంట.
కంట్లో శుక్లం ఉందని వాడికి చెప్పలా ఇంకా."

గాజుబల్ల మీద ఆమె వేలానిన చోట
చింతగింజంత నునుపు,
అంచుల్లో కొంచెం నీలం.
సరిగ్గా దాని కింద, అద్దం లోపల,
సీరం డబ్బా మీద నవ్వుతున్న అమ్మాయి బుగ్గ.
దాని మీదా ఒక్క గీత లేదు.

గుడ్డ చేతిలోనే ఉంది.
ఎవరో వచ్చి పారాసిటమాల్ అడిగారు.