నిలబడనివాడికి కళ్ళు

కొండ మీదికి వెళ్తే కనిపిస్తాడు వాడు.
వెల్లకిలా పడుకుని, వీపు ఇంకా రాతికి అంటుకునే ఉండి,
పుట్టీ పుట్టని బిడ్డలా.
పన్నెండు నిలువుల మనిషి.
వాడి కళ్ళు మాత్రం నా గుడిసెలో ఉన్నాయి.

కళ్ళు చేయడం మా పని.
మా అమ్మదీ అదే.
అల ఒడ్డుకు తోసిన తెల్ల పగడపు దిమ్మెను
ఇసకతో, ఓపికతో అరగదీసి
నడుమ నల్లరాతి పాప పొదగాలి.
మా దీవిలో విగ్రహానికి కళ్ళు చివర్న పెడతారు,
తాళ్ళు విప్పాక, సముద్రానికి వీపు పెట్టి
తిన్నగా నిలబడ్డాక.
అందాకా అది రాయే.
దాని మీద కూర్చుని చిలగడదుంప ఒలుచుకోవచ్చు.

మొదలైంది జానెడుతో.
తూర్పు తీరం వాళ్ళ విగ్రహం
మా దొర హొతూరెవా నిలబెట్టినదాని కన్నా జానెడు ఎత్తని
ఎండుచేపలు అడగడానికి వచ్చినవాడెవడో
ఊసుపోక అన్నాడు.
చేపలు పట్టుకుని వాడి దారిన వాడు పోయాడు.
దొరకు ఆ రాత్రి నిద్ర లేదు.

"వాళ్ళకన్నా జానెడు" అన్నాడు, చెక్కే పూహీని పిలిచి.
మరుసటి పున్నమికి "బారెడు" అన్నాడు.
ఆ తర్వాత కొలతలు మానేసి
కొండ వైపు చెయ్యి చాపి, "అదిగో, అక్కడిదాకా."
పూహీ నెమ్మదిగా అడిగాడు:
"ఇంత రాయిని ఎలా దింపుతాం దొరా?"
"దింపే సంగతి నీకెందుకు. ముక్కు చెక్కు."

తాళ్ళకని చెట్ల బెరడంతా ఒలిచాం.
వలలకు నార మిగల్లేదు.
పడవలు ఒడ్డున పగుళ్ళు నోళ్ళు తెరిచి ఎండాయి.
దుంపలు తవ్వాల్సిన మగవాళ్ళు
పొద్దుటినుంచీ రాయి తవ్వి
రాత్రికి దుమ్ము దగ్గేవాళ్ళు.
జానెడు ఎత్తు కోసం మొదలైన పని
జానెడు పొట్ట దగ్గరికొచ్చి ఆగింది.
ఎవరూ తిరగబడలేదు. గట్టిగా అరవనూ లేదు.
రోజుకొకడు తన రాతిగొడ్డలి అక్కడే గాడిలో వదిలేసి
మంచినీళ్ళకు వెళ్ళినట్టు వెళ్ళిపోయాడు.
పూహీ అందరికన్నా ఆఖర్న వెళ్ళాడు.
పెదవి ఒకటి పూర్తిచేసి వెళ్ళాడు.

ఒక సాయంత్రం దొర నా గుమ్మంలోకి వచ్చాడు.
మోకాళ్ళ దాకా రాతి పొడి.
"కళ్ళు ఎంతవరకొచ్చాయి?"
చూపించాను. అరచెయ్యి పెట్టి తడిమాడు,
జ్వరం చూసినట్టు.
"నన్ను చూస్తోందా?"
"నిలబడేదాకా ఎవర్నీ చూడదు దొరా."
నవ్వాడనుకున్నాను. చీకట్లో తెలీలేదు.

నెలన్నర పాటు పైనుంచి ఒక్క చప్పుడే వినబడేది:
టక్... టక్...
అదీ ఆగిన మూడోనాడు పిల్లలు వెళ్ళి చూశారు.
విగ్రహానికీ కొండకీ నడుమ సందులో
పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడట.
తల నుంచి కాలి దాకా ఆయన పొడవు
సరిగ్గా వాడి చెవి పొడవుకు సరిపోయిందట.

తరవాత గొడవలొచ్చాయి.
తీరం పొడుగునా నిలబడ్డవాటన్నిటికీ మెడకు తాళ్ళు వేసి
ముఖాలు నేలకు కొట్టించారు.
మా అమ్మ చేసిన కళ్ళు పెంకులై చెల్లాచెదురయ్యాయి.
కొండ మీదివాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు.
నిలబడనివాణ్ణి ఎవడు పడగొడతాడు?

ఇప్పుడు ఒక కంటిని గుమ్మం బయట వెల్లకిలా పెట్టాను.
పాప పొదగాల్సిన గుంటలో వాన నీళ్ళు నిలుస్తాయి.
నా మనవరాలు మాహీనా వంగి ముఖం చూసుకుంటే
కాసేపు ఆ కంట్లో పాప ఉంటుంది.

రెండో కన్ను లోపలుంది.
పనేమీ లేనప్పుడు
గుప్పెడు ఇసక తెచ్చుకుని దాని ముందు కూర్చుంటాను.
"ఇంకెందుకవ్వా అది?" అంటుంది మాహీనా.
ఎంతో లేదే,
ఇంకో వేలెడు అరిగితే చాలు, అంటాను.