మిల్లు కాడికి ఒకటి

కాజీపేటల పట్టాలు మూడు దిక్కులు పోతయి.
ఢిల్లీ దిక్కు, పట్నం దిక్కు, బెజవాడ దిక్కు.
నాల్గో దిక్కు మాది:
పొద్దుగాల ఏడు ముప్పావుకు
కిల వరంగల్ పొయ్యే సిటీ బస్సు.

యాకూబ్ స్టీరింగు పట్టేముందు
దర్గ దిక్కు తిరిగి కండ్లు మూస్తడు.
అద్దం మీది భద్రకాళమ్మకు
అగరొత్తి ముట్టించేది గూడ ఆయన్నే,
నాకు టిమ్ము మిషన్ల పేపరు చుట్ట ఎక్కించే పని ఉంటదని.

ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కంగ
ఇంజన్లు దగ్గుడు ఇనవడ్తది,
రాత్రంత మేల్కున్న ముసలోళ్ళ లెక్క.

సుబేదారి. కోర్టు తారీఖున్నోళ్ళు,
సంకల కాయితాలు.
వీళ్ళు చిల్లర కోసం కొట్లాడరు.

హన్మకొండ చౌరస్త. ఇంక ఊపిరాడదు.
వేయిస్తంభాల గుడి కాడ మొన్నొక పిల్ల అడిగింది,
"ఆంటీ, నిజంగనే వెయ్యున్నయా?"
"తక్కువ పడ్డయి బిడ్డ,
మిగిలినయి గీ బస్సుల నిలవడ్డయి చూడు."
అందరు నవ్విన్రు.
ఒక్కలు జరగలె.

ఆడోళ్ళకు సున్న టికెట్టు కొడ్త.
ఆ సున్నను గూడ
కొందరు ముసలమ్మలు కొంగుల ముడేసుకుంటరు,
పైసల తీర్గనే.

ఎమ్జీఎం కాడ బస్సు నిమ్మలమైతది.
ఎక్కేటోళ్ళ చేతుల టిఫిన్ డబ్బ ఖాళీగుంటె
మంచం మీది మనిషి తిన్నట్టు.
డబ్బ నిండుగనే వాపసొస్తె
నేనేమడుగ.
టికెట్టు చేతుల పెట్టి ముందుకు జరుగుత.

పోచమ్మ మైదాన్ల చిందం వీరమల్లు ఎక్కుతడు.
నెత్తికి రుమాలు, ఇస్త్రీ అంగి, చేతులల్ల ఏముండదు.
"మిల్లు కాడికి ఒకటి."

మిల్లు లేదు.
మూతవడి ఇరవై ఏండ్లు దాటె.
మిషన్లు అమ్ముకపోయిరి, గోడలు పడె,
దాని కూత ఇని అన్నం కుండ దించిన చేతులు గూడ
చానమటుకు లేవు.
నా మిషన్ల ఆ స్టేజీ లేదు.
నేను టేషన్‌కు కొడ్త.
కాయితం దూరంగ పట్టుకొని చదివి
"తప్పు కొట్టినవ్ బిడ్డ" అంటడు.
రోజు అంటడు. కోపంగ కాదు,
పోగు తెగితె మగ్గం ఆపి చెప్పినట్టు.

శ్రావణంల ఒకరోజు
తెల్లందాక వాన.
అండర్ బ్రిడ్జిల నడుమెత్తు నీళ్ళు.
దానికి కొంచెం ఇవతల్నే యాకూబ్ బ్రేకు తొక్కిండు.
ఎడమ దిక్కు రేకుల కంచె, పిచ్చి తుమ్మలు,
లోపలెక్కడనో ఒక ఇటుక గోడ ముక్క.
బస్సంత తిట్టుకుంట కూసున్నది.
వీరమల్లు ఒక్కడే లేచిండు.
"ఇయ్యాల సరిగ్గ ఆపినవ్ పాషా"
అని ఫుట్‌బోర్డు దిగిండు,
పంచె మడిచి, షిఫ్టుకు ఆలశ్యమైనోని నడకతోని.

నేను కిటికీల నుంచి పిలిచి
టికెట్టు అడుక్కున్న.
'టేషన్' మీద పెన్నుతోని గీత గీసి
'మిల్లు' అని రాసిచ్చిన.
చెకింగోళ్ళు పట్టుకుంటె ఏం చెప్పాల్నో
ఇప్పటికీ తెల్వదు.

నీళ్ళు తియ్యంగనే శివనగర్ దాటి
మట్టికోట దర్వాజల చొచ్చినం.
గుర్రాలు ఉరుక్కుంట రావద్దని
తొవ్వ వంకరగ కట్టిన్రట అప్పటోళ్ళు.
ఢిల్లీ గుర్రాలు ఎంతసేపు ఆగినయో గని
మా బస్సు మాత్రం రోజు ఆగుతది:
ఎదురుంగ మిర్చి బస్తాల ట్రాలీ,
ఎవడు ఎనుకకు పోవాలె అని పంచాది,
మధ్యల ఒక మేకల మంద
ఎవ్వల్ని అడగకుంటనే దాటిపోతది.

అటెనుక తోరణాలు.
నాలుగు దిక్కుల నాలుగు రాతి చౌకట్లు.
గోడల్లేవు, తలుపుల్లేవు.
కింద నిలవడ్తె ఇంట్లకొచ్చినట్టో
ఇంట్లకెళ్ళి ఎల్లిపోయినట్టో సమజ్ గాదు.
పైన హంసలు మాత్రం
ఏ బండికో టికెట్టు తీసుకున్నట్టే కూసుంటయి.

యాకూబ్ చాయ్ తాగుతడు.
నేను వేబిల్లు రాస్త.
తొమ్మిదిన్నరకు వాపస్.

వీరమల్లు వాపస్ ట్రిప్పుల ఎన్నడు ఎక్కలె.
రోజు పొద్దుగాల మాత్రం
పోచమ్మ మైదాన్లనే ఉంటడు.
అక్కడికి ఎట్లొస్తడో, దేనిమీదొస్తడో
నేనెన్నడు చూడలె.