తరుగు, కొసరు

ఎనుమాముల యార్డుల నా పని
తరుగు రాసుడు.
మిర్చి బస్తా కాంటా ఎక్కంగనే
గోనెకు ఇంత, తేమకు ఇంత, తాలుకు ఇంత.
రైతు నా పెన్ను మొన దిక్కు చూస్తడు,
నేను ఆయన మొఖం చూడ.

ఇంటికొచ్చినంక
నా తరుగు నేనే రాసుకుంట.
రాత్రి పదకొండు. రొమ్ము మీద లైబ్రరీ పుస్తకం,
నాలుగొందల డెబ్బై పేజీల బరువు.
పడవ నడిపే ఆమె ప్రాణహిత నడుమల ఉన్నది,
వాన అందుకున్నది.
నాలుగున్నరకు అలారం.
ఇంకో అధ్యాయం చదివితే
పొద్దున మూడు కిలోమీటర్లు కాళ్లల్లకెల్లి జారిపోతయి.
ఇప్పుడే లైటు ఆర్పితే
ఆమె తెల్లారేదాక తడుస్తనే ఉంటది.
ఎటు తూచినా
కోత పడేది నిద్రకే.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద
ఇంకా మబ్బుల్నే అంబలి గంజు దించే యాకూబీ
రోజూ ఒక్కటే మాట:
"ఎన్కనుంచి ఎవలొస్తున్నరే బిడ్డా, గట్ల ఉరుకుతవు?"
ఎవలూ వస్తలేరు.
ముంగట కూడా ఎవలూ లేరు.
నలభై మూడేండ్లు దాటినంక మొదటిసారి
నా ఊపిరి నాకే ఇనబడుతున్నది, అంతే.

రెండూ ఒక్కతాన కలుపుదామని చూసిన.
అక్క బిడ్డ స్రవంతి
యాభై పేజీలు ఫోన్ల చదివి రికార్డు చేసిచ్చింది.
చెవులల్ల పెట్టుకొని నక్కలగుట్ట ఎక్కుతుంటే
పడవ మీద వాన పడేకాడ
టీవీ వార్తల లెక్క చదువుకుంట పోయింది పిల్ల.
తీసి జేబుల వేసిన.
కొన్ని వానలు కండ్లతోనే తడవాలె.

ఇంకో ఆదివారం అబద్ధమాడిన.
మోకాలు నొప్పి అని యాకూబీకి చెప్పి
మంచంల పండుకొని అరవై పేజీలు మింగిన.
చదివినంతసేపు
నిజంగనే మోకాలు గుంజింది.

లైబ్రరీల కొమురయ్య సారు
పుస్తకం ముక్కు కాడ పెట్టుకొని
"దీనికి చెమట వాసనేందమ్మా" అన్నడు.
అనుకుంటనే గడువు ఇంకోపాలి పెంచిండు.
ముద్ర పడ్డ తారీఖు చూస్తే
పోటీకి ఒక్క రోజు ముందట.

పోటీ నాడు
పదహారో కిలోమీటరు, కాజీపేట బ్రిడ్జి.
కిందికెల్లి గూడ్సు పోతున్నది, దాని డబ్బాలు ఒడుస్తలేవు.
మూడు నెలల మిర్చి ఘాటు
రొమ్ముల గడ్డకట్టినట్టున్నది.
ఇగ నడుద్దాం అనుకున్న.
గప్పుడే బస్తాల ట్రాక్టరొకటి మెల్లగైంది.
మీదకెల్లి ఒకాయన గుర్తువట్టి
"అరే, తరుగు రాసే అమ్మ! ఉరుకుతున్నదిరో!"
నవ్విండో తిట్టిండో తెల్వదు.
కాళ్లు మాత్రం నడవలేదు.

ఇరవై ఒకటి అయిపోయిందనుకున్న.
కాలేదు. ఇంకా తొంభై ఏడున్నర మీటర్లు ఉన్నయట.
ఆ అర మీటరు ఎవలు కొలిచిండ్రో!
నా లెక్కలల్ల ఎప్పుడూ తీసేసుడే గాని
పైకెల్లి వేసుడు లేదు.
కుమార్‌పల్లి మార్కెట్ల కూరగాయలామె
తూచినంక, అడగకముందే
రెండు కరివేపాకు రెమ్మలు సంచిల పడేస్తది.
గట్ల పడ్డది నా మీద
ఆ తొంభై ఏడున్నర.

రోడ్డు పక్కన కూలవడి
యాకూబీ దగ్గర దాచిన సంచి తెరిచిన.
ఆమె ఇంకా నది నడుమల్నే ఉన్నది.
తొందరేం లేదమ్మా, అన్న.
ఒక్క పేజీ చదివిన, రెండో పేజీల నిద్రవట్టింది.

సోమవారం కాంటా కాడ
పెన్ను ఎత్తి, మొఖం చూసిన.
ట్రాక్టరాయన కాదు, ఇంకెవలో.
కనుబొమ్మల మీద ఎర్రటి దుమ్ము.
తాలు గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.
పైవాళ్లు అడుగుతరు.
లైబ్రరీకి ఎట్లాగూ జుర్మానా కట్టాలె,
దాంతోపాటు ఇదీ.