పదమూడంగుళాలు

నారాయణగూడలో పళ్ళు చేస్తాను నేను,
ఊడిపోయిన వాళ్ళకి.
అర మిల్లీమీటరు ఎత్తయితే
ముద్ద దిగదని తెలిసినవాణ్ణి.
అలాంటివాణ్ణి
ఒక బండి చక్రాల ముందు మూడు నెలలు
అక్షరాలు రానివాడిలా నిలబడ్డాను.

రెండే సీట్లు. నా నడుము దాటదు ఎత్తు.
ఇటలీలో పుట్టి, మారేడుపల్లి షెడ్డులో
పందొమ్మిదేళ్ళు టార్పాలిన్ కప్పుకుని పడుకుంది.
తెచ్చినరోజు టైర్లు నాలుగూ
ఎండకి వదిలేసిన చెప్పుల్లా పగిలి ఉన్నాయి.
వేలు పెడితే నల్లటి పొడి.

తలుపు అంచున చిన్న రేకు మీద
గోత్రం చెప్పినట్టు చెప్పుకుంది:
నూట అరవై అయిదు, డెబ్భై, పదమూడు.
మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో.
రెండోది అందులో నూటికెంత ఎత్తని.
మూడోది చక్రం, అంగుళాల్లో.
ఒకే వరసలో రెండు రకాల కొలతలు,
పేచీ లేకుండా.

పరంజ్యోతి అన్నాడు,
పదిహేను వెయ్యరా,
పదమూడేంటి, పాలబండికి వేస్తారు.
ఫోన్లో బొమ్మ చూపించాడు.
నిజం చెప్పొద్దూ, నోరూరింది.

ఆ రాత్రి అచ్చులు ఆరేలోపు
బిల్లుబుక్కు వెనక లెక్క కట్టాను.
పదమూడుకి నిలువెత్తు అయిదు వందల అరవై ఒకటి.
పద్నాలుగుకి యాభై తొమ్మిది.
పదిహేనుకి యాభై ఆరు చిల్లర.
ఎత్తు తప్పితే స్పీడోమీటరు అబద్ధాలాడుతుంది
కాబట్టి చక్రం పెరిగేకొద్దీ
రబ్బరు తరగాలి.
నూట పదిహేను మిల్లీమీటర్ల మెత్తదనం
ఎనభై ఏడుకి దిగుతుంది.
ఆ పోయిన ఇరవై ఎనిమిదీ
మన వెన్నులోంచి వసూలు చేసుకుంటుంది
ముషీరాబాద్ రోడ్డు.

రాణీగంజ్‌లో ఖుర్షీద్ భాయ్ కొట్టు.
నాలుగు బోల్టుల మీదుగా గీసే వలయం
నా బండికి తొంభై ఎనిమిది.
గోడకి వేలాడే ప్రతి అల్లాయ్‌కీ వంద.
రెండే కదా భాయ్, అన్నాను.
నేను! ఆ మాట నేనన్నాను!
ఆయన బోల్టు నా అరచేతిలో పెట్టి
గుప్పిట మూశాడు.
"బిగుస్తది సాబ్.
బిగుసుడు వేరే, కూసునుడు వేరే."

పాతికేళ్ళుగా డాక్టర్లకి నేను చెప్తున్న మాట
గ్రీజు వాసనతో తిరిగొచ్చింది.

అయినా బుద్ధి రాలేదు.
పుణె నుంచి తొంభై ఎనిమిదివే తెప్పించాను, పదిహేనులు.
తొడిగితే పెళ్ళికి సిద్ధమైనట్టుంది బండి.
కొట్టు ముందు జనం ఆగారు.
స్టీరింగ్ చివరిదాకా తిప్పానో లేదో
మడ్‌గార్డు గర్రుమని కొరికింది.
"అంచు మడుస్త అన్నా, రెండు దెబ్బలు"
అని సుత్తితో వచ్చాడు ఐలేష్.
ఆగమన్నాను.
పళ్ళు పట్టలేదని
దవడ అరగదీస్తారా ఎవరైనా?

పదమూడుకి దొరికినవి ఒకే రకం,
మోండా మార్కెట్‌కి కూరగాయలకెళ్ళే
చిన్న కార్ల టైర్లు.
వేయించేశాను.
పరంజ్యోతి వారం మాట్లాడలేదు.
చక్రానికీ అంచుకీ మధ్య మూడు వేళ్ళ సందు,
ముందుపన్ను ఊడిన నవ్వులా.

ఆదివారం, ఇంకా తెల్లవారలేదు.
పద్మారావునగర్ దిగుడులో
మూడు స్పీడ్ బ్రేకర్లు, వరసగా.
బండి మోకాళ్ళు వంచి దాటింది.
చిలకలగూడ మలుపులో స్టీరింగ్
రెండు వేళ్ళ మాట విన్నది.
ముల్లు నలభై అంటే నలభయ్యే.

ఇంటికొచ్చాక సీటు వెనక్కి చెయ్యి పెట్టి
స్టెప్నీ బయటికి లాగాను.
దాన్ని ఇన్నాళ్ళూ చూడనేలేదు.
గోడ మీద మూడే అంకెలు.
ముప్పై ఏడో వారం, ఎనిమిదో ఏడు.
డెబ్భై ఎనిమిదో ఎనభై ఎనిమిదో
దశాబ్దం చెప్పదు.
సైజూ వేరే. నూట నలభై అయిదు.
రేకు మీద ఉన్నది కాదు.

తడిగుడ్డతో తుడిచి, అక్కడే చతికిలబడి
లెక్క కట్టాను.
నిలువెత్తు అయిదు వందల అరవై రెండు.

ఎవరో, ఎక్కడో, ఒక రాత్రి,
బిల్లుబుక్కు లాంటిదేదో తిరగేసి
ఒక్క మిల్లీమీటరు దాకా వచ్చి
ఆగారు.

గాలి పట్టించాను.
తెల్లారేదాకా నిలిచింది.