గాలికి పదకొండు కిలోమీటర్ల బాకీ

మా వైపు కొండల్లేవు.
ఎక్కడం నేర్చుకోవాలంటే చించినాడ వంతెనే గతి,
అదీ గట్టిగా మూడు నిమిషాల ఎత్తు.
మిగతాదంతా అరచేయంత చదును.
అందుకే ఇక్కడ గాలే కొండ.
దానికి శిఖరం ఉండదు, దిగుడు ఉండదు.

జనవరిలో నాలుగొందల కిలోమీటర్లు, ఇరవయ్యేడు గంటల్లో.
పేరిచ్చేశాను.
పగలు ల్యాబులో రొయ్యల చెరువుల నీళ్లు తెచ్చి పెడతారు,
ఎంత ప్రాణవాయువు మిగిలిందో చూసి చీటీ రాస్తాను.
తెల్లవారుజాము నా వంతు.
మూడున్నరకి లేచి, ఫోను మేతసంచీ ముక్కలో చుట్టి
మలికిపురం దాటేసరికి
సాక్సుల్లో అప్పుడే చిన్న చెరువు.

దిండిలో పోలయ్య కొట్టు ముందు బల్బు వెలుగుతూ ఉంటుంది.
వంతెన లేని రోజుల్లో
రేవులో పడవ మీద సైకిలేసుకుని
ముప్పయ్యేళ్లు పాలకొల్లుకి చేపలబుట్టలు మోసినవాడు.
నా సన్నటైరు బొటనవేలితో నొక్కి
కొంచెం గాలి వదిలేస్తాడు.
"తడిరోడ్డు మీద బిగుతు పనికిరాదమ్మా.
గట్టిగా ఉన్నదే ముందు జారుద్ది."
వాన తగ్గాక వెళ్లనా అంటే
"సేప ఆగుద్దేటి?" అంటాడు.

అక్టోబరు చివరి ఆదివారం.
ఎటు పోవాలో తేల్చుకోలేక వాయుగుండం
సముద్రంలోనే తచ్చాడుతోంది.
రావులపాలెం దాకా ఎదురుగాలి.
పోనీలే, తిరుగుదారిలో వీపు తడుతుందనుకున్నాను.
మార్టేరు దగ్గర అది మాట మార్చింది.
వాన అడ్డంగా పడడం చూశాను,
కింద నుంచి పడడం కూడా.
కళ్లద్దాల్లో కాలువా రోడ్డూ ఒకటే రంగు.
బ్రేకు నొక్కితే కాసేపు ఆలోచించుకుని పట్టుకుంటోంది.
లాకుల దగ్గర కాలు కింద పెట్టాను.
మళ్లీ ఎత్తలేకపోయాను.

ఐసుపెట్టెల వ్యాను ఆగింది.
"ఎక్కేయండి మేడంగారూ, సైకిలు పైనేసేద్దాం."
ఎక్కేశాను.
పాలకొల్లు మొదట్లో దిగేదాకా
పళ్లు టకటకలాడుతుంటే
మీటరు వంక చూడకుండా కూర్చున్నాను.
పదకొండు కిలోమీటర్లు.
ఎవరూ అడగలేదు.
రాత్రి నోటుబుక్కులో ఆ అంకె దగ్గర
పెన్ను కాసేపు ఆగింది, అంతే.

తరవాతి ఆదివారం మార్టేరు దాకా తొక్కుకుంటూ వెళ్లి
లాకు ఇనపచువ్వని ముట్టుకుని
మీటరు సున్నా చేశాను, అక్కణ్ణించి మొదలు.
తీరా చూస్తే ఎండ.
కొబ్బరాకు కదలదు.
ఇరవై రెండు నిమిషాల్లో పాలకొల్లు.
అప్పు ఇచ్చినవాడు ఊళ్లో లేనప్పుడు
అరుగు మీద డబ్బు పెట్టి వచ్చినట్టుంది.

అప్పట్నుంచీ వార్తల్లో అల్పపీడనం అంటే
చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి.
రమ్మని లోపల ఎవరో పిలుస్తున్నారు.
ఆ మాట పోలయ్యకి కూడా చెప్పలేదు.
సార్వా కోసేశారు, పనలు ఇంకా చేలోనే ఉన్నాయి.

నవంబరు పదిహేడున వచ్చింది, నేను పిలిచిందే.
మార్టేరు దాటేసరికి మబ్బు రోడ్డు మీదకి దిగింది.
చెయిను ఒక పన్ను కిందికి దించి, తల వంచి
ఇదిగో, ఇప్పుడు, అనుకుంటుండగా
చేలోంచి కేక.
కౌలుకి చేసుకుంటున్న ఇసాకూ, అతని భార్య రత్నమాణిక్యమూ
ఒక్క బరకంతో అంత కుప్పనీ కప్పాలని చూస్తున్నారు.
మూడు మూలలు దొరుకుతున్నాయి, నాలుగోది ఎగిరిపోతోంది.
"ఆ సివర పట్టుకోండమ్మా!"

సైకిలు గట్టు మీద పడేశాను.
వేళ్లు లేని గ్లోవ్సుతో బరకం అంచు చుట్టుకుని
మడమలు బురదలో దించి
గాలికి ఎదురుగా నిలబడ్డాను, గంటా పది నిమిషాలు.
అది లాగింది. నేను లాగాను.
కుప్ప అంచున కొంత తడిసింది,
ఎంతో ఇసాకు చెప్పలేదు.
రత్నమాణిక్యం ఇత్తడి గ్లాసులో టీ ఇచ్చింది,
సగం వాననీళ్లే.

తిరుగుదారిలో గాలి వెనకే ఉంది.
తొక్కకుండానే వచ్చేశాననాలి.

నోటుబుక్కులో ఆ రోజు:
వాన. గాలి ఈశాన్యం.
దూరం దగ్గర ఏం రాయాలో తోచక వదిలేశాను.
దిండిలో ఆగితే పోలయ్య
అరచేతుల్లో కాయలు చూసి కూడా ఏమీ అడగలేదు.
వంగి, చెయిను వేలితో రాసి
ఎర్రగా అయిన వేలు నాకు చూపించాడు.
"తుడవలేదేటమ్మా?"