పన్నెండడుగులు

మంగళవారం పొద్దున లేచేసరికి
గడ్డిలో కర్రలు మొలిచి ఉన్నాయి,
కొసలకి గులాబీరంగు రిబ్బన్లు.
ఎవరిదో పుట్టినరోజనుకున్నాడు పక్కింటి పిల్లాడు.
ఒకటి మెయిల్‌బాక్స్‌కి ఇవతల,
ఒకటి నేను మే నెలలో విత్తిన గోంగూర మడికి
సరిగ్గా నడుమన.

గ్రీన్స్‌బరోలో మా మెరిట్ మిల్ రోడ్డు
ఇటు పన్నెండడుగులు, అటు పన్నెండడుగులు పెరుగుతుందట.
రెండు లేన్లు అయిదవుతాయట.
ఎవరూ వచ్చి మమ్మల్ని అడగలేదు,
అడుగులు మాత్రం కొలుచుకుపోయారు.

ఓడెల్ ప్రూయిట్ గారికి ఎనభై రెండేళ్లు.
మెయిల్‌బాక్స్ ఇప్పటికే రెండుసార్లు వెనక్కి జరిపారు.
"ఈసారి సోఫాలో కూర్చునే ఉత్తరాలందుకుంటా" అంటారు.
నవ్వుతారు గానీ
పొద్దు వాలేసరికి టేపు పట్టుకుని
వరండా మెట్టు నుంచి కర్ర దాకా కొలుస్తారు,
రాత్రికి రాత్రి అదేమైనా
ఇంటివైపు నడిచి వచ్చిందేమోనని.

ఎదురింటి హ'బ్లెన్‌ది కాకర పందిరి.
ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకి రాదు.
వేసవిలో వారానికో సంచీ కాకరకాయలు మాత్రం
రోడ్డు దాటి వస్తాయి.
రెండు వైపులా చూసి,
మళ్లీ చూసి,
పరుగున దాటి వస్తుందావిడ.
అయిదు లేన్లయ్యాక
కాకరకాయలు కార్లో రావాలి కాబోలు.

బాప్టిస్టు చర్చి హాల్లో మీటింగు.
మడత కుర్చీలు, చల్లారిన కాఫీ,
మనిషికి మూడు నిమిషాలు.
మాట్లాడే బల్ల మీద బుల్లి దీపం,
పచ్చ, పసుపు, ఎరుపు.
బడి పిల్లలు దాటే చోట సిగ్నల్ పెట్టమని
ఆరేళ్లుగా అర్జీలు పెట్టాం.
ఇదిగో, ఇన్నాళ్లకి వచ్చింది,
మా నోటికి.

ఇంజనీరు కెల్విన్ స్ట్రౌడ్, కుర్రాడు,
మంచివాడిలాగే ఉన్నాడు.
మాట్లాడుతూ మాట్లాడుతూ మంచినీళ్లు తాగుతున్నాడు.
గోడ మీద బొమ్మ చూపించాడు.
అందులో చెట్లున్నాయి, మావి కావు.
మనుషులున్నారు, మేం కాదు.
ఎండ బాగా కాస్తోంది,
ఎవరికీ నీడ లేదు.

"రోజుకి పధ్నాలుగు వేల మూడొందల కార్లు" అన్నాడు.
మార్చిలో ఓ వారం పాటు
రోడ్డుకి అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టం పరిచి
లెక్కపెట్టారట.

నా వంతు వచ్చింది.
కాగితం మీద రాసుకున్నవన్నీ ఉన్నాయి:
దుమ్ము, మోత, పిల్లలు, ఓక్ చెట్లు,
దారిన పోయే దానయ్య కోసం
మా వాకిళ్లెందుకు కోస్తారన్న నిలదీత.
నోరు తెరిచాను.
అప్పుడు గుర్తొచ్చింది ఆ గొట్టం.
టైర్ల కింద దడక్ దడక్.
ఆస్పత్రి డ్యూటీకి ఒకసారి, తిరిగి ఒకసారి.
పెరుగు మర్చిపోయి మళ్లీ ఒకసారి, తిరిగి ఒకసారి.
పధ్నాలుగు వేల మూడొందల్లో
నాలుగు నేనే.

పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.
ఇంకోటి కూడా గుర్తొచ్చింది, చెప్పలేదు.
కార్వర్ స్ట్రీట్ వెడల్పు చేసిన ఏడాది
ఇంటికి తొమ్మిది నిమిషాలు ముందే చేరుతున్నానని
ఎంత మురిసిపోయానో.
అక్కడ ఎవరి మడి ఉండేదో,
ఎవరి మెట్లుండేవో,
నేనూ అడగలేదు.

"మా బడి దగ్గర సిగ్నల్ కావాలి" అన్నాను చివరికి.
"రోడ్డు దాటాలనుకునే వాళ్లని కూడా
ఓ వారం లెక్కపెట్టండి.
దాటలేక వెనక్కి తిరిగిన వాళ్లని కూడా."
కెల్విన్ తలెత్తి చూశాడు.
ఏదో రాసుకున్నాడు.
ఎరుపు.

నిర్ణయం వచ్చే నెలకి వాయిదా.

ఎదురింటి కాకరతీగకి వాయిదాలు తెలియవు.
పందిరి దాటి వచ్చి
దొరికిందే ఆసరా అనుకుని
సర్వే కర్రకి రెండు చుట్లు చుట్టుకుంది.
రిబ్బను పక్కనే పసుపు పువ్వొకటి.
హ'బ్లెన్ దాన్ని విప్పలేదు.

ఈ సాయంత్రం టేపు ఒక కొస ఓడెల్ గారి చేతిలో,
ఒక కొస నా చేతిలో.
కళ్లజోడు ఇంట్లో మర్చిపోయారు.
"ఎంతొచ్చింది?" అని మెట్టు మీంచి కేకేశారు.
వెనకాల కార్లు పోతూనే ఉన్నాయి.
రెండోసారి అడిగితేగానీ వినపడలేదు.

"నిన్నటంతే" అన్నాను.