ఐదో వంతు

బెర్గెన్‌లో వాన లేని రోజుని
పండగలా గుర్తుపెట్టుకుంటాం.
అది మామూలు రోజు. వానే.
ఆసుపత్రి నేలమాళిగలో, ఆవిరి గొట్టాల పక్కన
ఎక్కడికీ పోని ఒంటిచక్రం సైకిలు.
దాని మీద స్వైనుంగ్,
కొండవాలు వీధుల పోస్ట్‌మ్యాన్.
పరిశోధనకి ఒళ్లు అప్పిచ్చినందుకు
ఇరవై క్రోనర్లు, ఒకపూట భోజనం.

నా పని గాజుకుప్పెలు కడగడం,
వాటిలో పడినదాన్ని కొలవడం.
ఏం కొలుస్తావని ఎవరైనా అడిగితే
"నమూనాలు" అంటాను.
ఆ మాట మాత్రం నోట రానివ్వను.

మోచేతి నరంలోకి మందు ఎక్కిస్తాం.
కిడ్నీలు దాన్ని ఒక్క చుట్టులోనే
ఇంచుమించు అంతా ఊడ్చేస్తాయి.
కుప్పెలో ఇంకో చుక్క కలిపితే గులాబి రంగు.
ఆ రంగు చిక్కదనాన్ని బట్టి
ఎంత నెత్తురు వాటి గడప తొక్కిందో లెక్క.
డాక్టర్ హెల్లాన్‌కి అంకెలు కావాలి.
నాకు రంగు చాలు.

ఊరికే పడుకున్న మనిషిలో
గుండె నిమిషానికి పోసే అయిదు లీటర్లలో
లీటరు, పైన కొసరు, ఈ రెంటిదే.
ఐదో వంతు!
ఒంటి బరువులో అరశాతం లేనివి
జమీందారు వాటా తింటున్నాయే అనుకున్నాను.

స్వైనుంగ్ తొక్కాడు.
హెల్లాన్ బ్రేకు బిగించాడు. తొక్కాడు.
చొక్కా వీపుకి అతుక్కుంది.
అయిదు పోసే గుండె ఇరవై పోసింది,
తొడలు ఆవురావురుమని తాగాయి,
చల్లబడాలని చర్మం చెయ్యి చాచింది.
కాలువ నిండుగా పారుతుండగానే
కిడ్నీల దగ్గర ఎవరో తూము దించారు.
లీటరు కాస్తా పావులీటరు,
కుప్పెలో రంగు పలచన.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
ఇవి అడగనేలేదు.
విస్తరి ముందునుంచి లేచి
పక్కవాళ్లకి చోటిచ్చాయి.

"ఎండిపోవూ?" అన్నాను.
"గంట ఆగు" అన్నాడు హెల్లాన్.
స్వైనుంగ్ మేకపాల జున్ను, రొట్టె తిని
కుర్చీలో కునుకు తీశాడు.
గంటకి వచ్చిన కుప్పె
పొద్దుటి కుప్పె రంగులోనే ఉంది.

రెండు చలికాలాల తర్వాత
మా తమ్ముడు ఒడ్డ్‌మున్‌ని రేవులో దించారు.
వల లాగే ఇనుపతాడు తెగి తొడ చీల్చింది.
ఒడ్డు తొమ్మిది గంటల దూరం.
నెత్తురెక్కించారు, నాడి అందింది,
నన్ను గుర్తుపట్టి బూతు మాట కూడా అన్నాడు.
మంచం కింద సీసా మాత్రం పొడిగా ఉంది.

గంట ఆగాను.
నాకు తెలిసిన లెక్క అదొక్కటే.
గంట, పూట, రోజు.
గుండెకీ మెదడుకీ తమ వంతు ఒదిలేసి
తూము దించుకు కూర్చున్నవి
ఎత్తడం మరిచిపోయాయి.
పస్తున్నవాళ్లని మళ్లీ భోజనానికి లేపడానికి
ఎవరెళ్లాలి? ఏ పేరుతో పిలవాలి?

గదంత యంత్రం వాడి నెత్తుటిని
బయటికి తీసి, కడిగి, లోపల పోసింది.
నేను కుప్పెలు కడిగినట్టే.
ఇంకెన్నాళ్లని హెల్లాన్‌ని అడిగాను.
మొదటిసారి ఆయన దగ్గర అంకె లేదు.

పదమూడో రోజు తెల్లారగట్ల
నర్సు ఇంగ్యెర్ద్ సీసాని కిటికీ వెలుతురుకెత్తి
తేనె బేరం చేసేదానిలా
అటూ ఇటూ వంచి చూస్తోంది.
గులాబి కాదు. బురదరంగు.
అంత అందమైన రంగు నేనెప్పుడూ కొలవలేదు.

నడవాలో ఫోను అందుకున్నాను.
దీవిలో చేపలకొట్టువాడు అమ్మని పిలుచుకొచ్చేదాకా
వైరు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.
తర్వాత, నిలువెల్లా తెల్లబట్టలేసుకున్న
ఇద్దరు పెద్ద డాక్టర్లు దాటిపోతుండగా అరిచాను:
"ఉచ్చ పోశాడమ్మా!"

అవతల గాలి, పడవల చప్పుడు.

"ఎంత?" అంది అమ్మ.

"నలభై మిల్లీలీటర్లు."

"అదెంతే?"

"నీ కాఫీ కప్పులో అడుగున, అమ్మా.
నువ్వు తాగకుండా వదిలేస్తావే, అంత."